పూత మీదున్న కుండీ మొక్కకు ఆకులు పసుపెక్కితే

హైదరాబాద్ రామంతపూర్‌లో మాది రెండో అంతస్తు ఫ్లాటు. ఉత్తరం ముఖం, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ గోడ. యుటిలిటీలోకి ఎండ రాదు. అందుకే మూడేళ్లుగా టమాటా, మిరప కుండీల్ని అక్కడే ఎల్ఈడీ లైట్ కింద పెంచుతున్నాను. నా వృత్తి బ్లౌజులు కుట్టడం. రోజంతా చీర పక్కన దారం పెట్టి రంగు కలిసిందో లేదో చూడడమే పని. మొక్కల జబ్బు కనిపెట్టడానికి అదే అలవాటు పనికొచ్చింది. పసుపు అంటే ఒకటే పసుపు కాదు. నిమ్మపండు పసుపు, గంధం రంగు, తెల్లబోయిన పసుపు, పచ్చ ఈనెల మధ్య పసుపు, ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది.

మొన్న కింది ఫ్లాట్ అమ్మాయి పైకొచ్చి, "అక్కా, మా మిరప ఆకులన్నీ పసుపుపచ్చగైనయ్, జర యూరియా వెయ్యాల్నా?" అంది. "పై ఆకులా, కింది ఆకులా?" అన్నాను. "అన్నీ." "అన్నీ ఒక్కరోజే కావమ్మా. ముందు ఏవి అయినయో చూసి రా, అప్పుడు చెప్తా." యూరియా ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఉంది పాపం. ఆ మొక్క పూత మీద ఉంది. ఆ దశలో తొందరపడి గుప్పెడు యూరియా వేస్తే వేర్లు మాడతాయి. మాడకపోయినా ఆకు ఏపుగా పెరుగుతుంది, పూత రాలుతుంది.

ముందు చేయాల్సింది లైట్ ఆపడం. గులాబీ, ఊదా రంగు గ్రో లైట్ కింద ఆకు అసలు రంగు తెలియదు. ట్యూబ్‌లైట్ కింద దారం మ్యాచ్ చేస్తే పొద్దున ఎండలో తేడా వచ్చినట్టే ఇక్కడా మోసపోతాం. పొద్దున తొమ్మిదింటికి కుండీని కిటికీ దగ్గరికి తెచ్చి, ఆకుని పైనా కిందా తిప్పి చూడండి. సూదిలో దారం ఎక్కించడానికి నేను వాడే భూతద్దం ఇక్కడా నా చేతిలో ఉంటుంది. ఆకు అడుగుభాగం చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

తర్వాత పసుపు ఎక్కడ మొదలైందో చూడాలి. పాత ఆకుల్లో ఉన్న నత్రజని, మెగ్నీషియం, పొటాష్‌లను మొక్క బయటికి లాగి పూతకూ పిందెకూ చిగురుకూ పంపుకోగలదు. అందుకే ఇవి తగ్గితే కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము, కాల్షియం అలా కాదు. ఒకసారి ఆకులో చేరాక అక్కడే ఉండిపోతాయి. ఇనుము అందకపోతే పాత ఆకు పచ్చగానే ఉంటుంది, కొత్తగా వచ్చే ఆకు పసుపుగా వస్తుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

నేను ఇంకో పని చేస్తాను. పసుపెక్కిన ఆకుల్లో అన్నిటికన్నా పైనున్న ఆకు కాడకి ఎర్ర దారం వదులుగా ముడివేస్తాను. వారం తర్వాత చూస్తే పసుపు ఆ ముడి దాటి పైకి పాకిందా, అక్కడే ఆగిందా తెలిసిపోతుంది. పసుపెక్కిన ఆకు చాలాసార్లు పూర్తిగా పచ్చబడదు. దాన్నే చూస్తూ కూర్చుంటే మందు పనిచేయలేదని ఇంకో మందు వేస్తాం. ముడికి పైనున్న ఆకునే చూడాలి. రెండు మందులు ఒకే రోజు వేయకండి, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు కింది ఆకుల సంగతి. ఆకు మొత్తం, ఈనెలతో సహా, గంధం రంగుకు తిరిగి, మొక్క అంతా కొంచెం లేతగా కనిపిస్తే అది నత్రజని లోటు. టమాటాకి మొదటి పూగుత్తి పిందె పట్టే సమయంలో ఇది మామూలుగా వస్తుంది, చిన్న కుండీలో ఇంకా తొందరగా. రెండు పిడికిళ్ల వర్మీకంపోస్టు పైమట్టిలో కలపండి. దానితోపాటు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి వారానికి ఒకసారి మొదట్లో పోయండి, రెండు మూడు వారాలు చాలు. అట్టడుగున ఒకటి రెండు ముసలి ఆకులు మాత్రమే పసుపెక్కి, పైదంతా బాగుంటే ఏమీ చేయొద్దు. గిల్లి పారేయండి.

కింది ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కి, ఆకు మీద జరీ గీతలు గీసినట్టు కనిపిస్తే అది మెగ్నీషియం లోటు. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో, పెంచే వాళ్లకి ఇది ఎక్కువ. పూత నిలవాలని పొటాష్ ఎరువులు దండిగా పోసే వాళ్లకీ ఎక్కువే, ఎందుకంటే పొటాష్ మోతాదు మించితే వేరు మెగ్నీషియంని సరిగ్గా తీసుకోలేదు. ఇలాంటప్పుడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు కలిపి, లైట్ ఆపాక సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారానికొకసారి, రెండుసార్లు. ఆకు అంచులు మాత్రమే పసుపెక్కి తర్వాత గోధుమరంగులో మాడితే పొటాష్ లోటు కావచ్చు, కుండీలో ఉప్పు పేరుకుని ఉండవచ్చు. తేల్చుకోవాలంటే కుండీ అంచు చూడండి. తెల్లటి పొర ఉంటే ముందు ఉప్పునే అనుమానించండి.

ఈ ఉప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన ఊళ్లో అసలు బాధ ఇదే. రెండేళ్ల కిందట మా మిరప మొక్క పూత మీద ఉండగా చిగురు ఆకులు నిమ్మపండు పసుపులోకి వచ్చాయి. ఈనెలు మాత్రం సన్నగా పచ్చగా ఉన్నాయి, పచ్చ దారంతో కుట్టినట్టు. కింది ఆకులు నిగనిగలాడుతున్నాయి. నేను ఎరువు పోశాను, ఇంకా ఎక్కువైంది. చివరికి కారణం వంటింట్లో దొరికింది. వాటర్ ప్యూరిఫయర్ నుంచి వృథాగా పోయే నీళ్లని బకెట్‌లో పట్టి మొక్కలకి పోస్తున్నాను. నీళ్లు పారబోయకూడదని మంచి ఉద్దేశంతో చేసిన పనే. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే మా బోరు నీళ్లు 850 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఆ బకెట్ నీళ్లు 1,400 చూపించాయి. బోరు నీళ్లలోని లవణాలన్నీ ఆ బకెట్‌లోనే చిక్కబడుతున్నాయి. రోజూ పోస్తే మట్టి క్షారంగా మారుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. మొక్క ఆకలితో లేదు, దాని కంచానికి మూత పడింది. ఆ మూత నేనే పెట్టానని తెలిసినప్పుడు చాలా బాధపడ్డాను.

కాబట్టి పై ఆకులు పసుపెక్కితే మొదట నీళ్లు మార్చండి. మంచినీళ్ల కొళాయి వచ్చే వాళ్లు ఆ నీళ్లు పోయండి. వానాకాలంలో డాబా మీద బకెట్లు పెట్టి వాన నీళ్లు పట్టుకోండి, వాటికి మించినవి లేవు. కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు మెల్లగా పోసి, అడుగు నుంచి కారిపోనివ్వాలి. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే అన్నభేది, అంటే ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్. పొలంలో లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. నీడలో పెరిగిన మన మొక్కల ఆకు సున్నితం, నేను అందులో సగమే వాడతాను. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూసి, మచ్చలు రాకపోతేనే మొత్తం కొడతాను. పూల మీద పడనివ్వకండి. మా మిరపకి నీళ్లు మార్చిన పన్నెండో రోజున వచ్చిన చిగురు పచ్చగా వచ్చింది.

మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలిపోయి, కింది నుంచి పసుపెక్కుతుంటే అది నీళ్లు ఎక్కువై వేరుకి ఊపిరాడకపోవడం. జూలైలో ముసురు పట్టినప్పుడు యుటిలిటీలో మట్టి నాలుగైదు రోజులైనా ఆరదు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చి చూడండి, కుండీ ఎత్తి బరువు చూడండి. అడుగు రంధ్రం దగ్గర మురుగు వాసన వస్తే వేరు కుళ్లుతోందని అర్థం. నీళ్లు ఆపి, రంధ్రాలు పుల్లతో తెరిచి, చిన్న ఫ్యాన్ పెట్టండి. ఈ దశలో ఎరువు అస్సలు వద్దు.

ఆకు మీద పసుపు సూది పోట్లలా చుక్కలు చుక్కలుగా ఉంటే అది లోటు కాదు, ఎర్రనల్లి. మార్చి నుంచి మే దాకా, గాలి పొడిగా ఉన్నప్పుడు ఇంట్లో కూడా వస్తుంది. ఆకు కింద తెల్ల లైనింగ్ గుడ్డ పట్టి తట్టండి. మిరియాల పొడి రేణువుల్లాంటి చుక్కలు పడి, కదులుతాయి. వేలితో నలిపితే గుడ్డ మీద ఎర్ర గీత పడుతుంది. మొదటి రోజు ఆకుల అడుగు భాగాన్ని నీళ్లతో గట్టిగా కడగండి, సగం పురుగు అక్కడే పోతుంది. తర్వాత వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్లతో కలిపి, వారం ఎడంతో మూడుసార్లు. నీళ్లలో కరిగే గంధకం కూడా పనిచేస్తుంది, లీటరుకు 3 గ్రాములు. కానీ నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు, ఎండ మండే రోజుల్లో అసలు వద్దు, ఆకు మాడుతుంది.

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. 2021లో ఖమ్మం, గుంటూరు చేలని ఊడ్చిన నల్ల తామర పురుగు పూలలోనే దాక్కుంటుంది. అందుకే ఒక పువ్వుని తెల్ల కాగితం మీద దులిపి చూడడం మరిచిపోకండి.

లైట్ వల్ల కూడా పసుపు వస్తుంది. లైట్‌కి అతి దగ్గరున్న పై ఆకులు మాత్రమే తెల్లబోయి, వాటి నీడలో ఉన్న ఆకులు పచ్చగా ఉంటే లైట్ ఎత్తు పెంచండి. ఒకసారి మేం నల్గొండకి పెళ్లికి వెళ్లి పది రోజులు ఉండిపోయాం. ఇంట్లో టైమర్ పాడై లైట్ రాత్రీపగలూ వెలుగుతూనే ఉంది. వచ్చి చూస్తే టమాటా ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కాయి. పక్కనే ఉన్న మిరప అంతగా చెడలేదు. టమాటా 24 గంటల వెలుగుకి తట్టుకోలేదు, దానికి చీకటి కావాలి. అప్పటి నుంచి పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా, 16 గంటలే లైట్. కొత్త ఆకులు మామూలుగానే వచ్చాయి.

టమాటా చిగురు చిన్నబోయి, ఆకులు పసుపు అంచులతో గిన్నెలా ముడుచుకుని, మొక్క కదిపితే తెల్లదోమ లేస్తుంటే అది ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. పూత నిండుగా ఉందని జాలిపడి ఉంచితే పక్క కుండీలకి దోమ మోసుకెళ్తుంది. మొక్కని కవర్‌లో మూసి, దోమ ఎగరకుండా పెకిలించి తీసేయండి. తర్వాత మిగిలిన కుండీల దగ్గర పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

ఒక్క సందర్భంలో మాత్రం పసుపు చూసి కంగారుపడనక్కర్లేదు. నాలుగైదు కోతలు అయ్యాక టమాటా కింది నుంచి మెల్లగా పసుపెక్కుతూ, పైన చివరి కాయలు మాత్రం ఎర్రబారుతుంటే దాని వయసు అయిపోయింది. అప్పుడు ఎరువు పోయకండి. ఆ ఆకులు గిల్లి, కాయలకి గాలి తగిలేలా చేసి, పండేదాకా నీళ్లు మాత్రం పోస్తూ ఉండండి.