గేదె పాలలో వెన్న శాతం తగ్గినప్పుడు: నా అనుభవం

మా ముర్రా గేదె పాలు కొలతలో తగ్గకపోయినా, పాల కేంద్రంలో వెన్న శాతం మాత్రం 7 నుంచి 5.5కు పడిపోయింది. పత్తి చెక్క పెంచినా, ఎండుగడ్డి ఎక్కువ వేసినా ఫలితం లేదు.

పొదుగులో చివరగా దిగే పాలలోనే వెన్న అధికం. ఆ పాలు దూడకు పోతున్నాయని గ్రహించి పితికే క్రమాన్ని మార్చాను. ముందుగా దూడను విడిచి, గేదె చేపి (పాలు పొదుగులోకి దింపి) చన్నులు బిగువెక్కగానే దూడను పక్కన కట్టేసి, పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి తుడిచి, తొలి ధారలను వేరే గిన్నెలోకి వదిలి, ఆపై మూడు చన్నులను ఆగకుండా చివరి చుక్క వరకు పితికాను. నాలుగో చన్నును, రోజుకొకటి చొప్పున మారుస్తూ, పూర్తిగా దూడకే వదిలాను. దాని కడుపు కొట్టడం నాకు సమ్మతం కాదు. కొద్ది రోజుల్లోనే శాతం 7కు చేరువైంది.

మేత లోపం వల్లనో పొదుగువాపు వల్లనో వెన్న తగ్గితే ఇది పనిచేయకపోవచ్చు. పొదుగు వేడిగా, గట్టిగా తగిలితే ముందు పశువైద్యునికి చూపించాలి.