స్నేర్ డ్రమ్‌కి ఏ రిమ్ వేయాలి?

డప్పు అయితే మంట దగ్గర కాచి బిగువు తెస్తాం, స్నేర్‌కి (బ్యాండులో పుల్లలతో వాయించే, అడుగున తీగలుండే డ్రమ్) ఆ పని రిమ్‌దే, అంటే హెడ్‌ని (వాయించే పొరని) బోల్టులతో బిగించి పట్టే లోహపు చట్రానిదే. నల్లగొండలో బరాత్‌లకి వాయించే తమ్ముళ్లు హెడ్ మారుస్తారు కానీ దీన్ని పట్టించుకోరు.

1.6 మి.మీ. స్టీల్ రిమ్ కాస్త వంగుతుంది, అందుకే మోత విచ్చుకుంటుంది, ఒక్కో బోల్టు దగ్గర శ్రుతి విడిగా సరిచేసుకోవచ్చు. 2.3 మి.మీ.ది ఇంకొంచెం గట్టి. పోతపోసిన డై-కాస్ట్ రిమ్ దాదాపు వంగదు, గుంయ్‌మనే శబ్దం తగ్గి దెబ్బ సూటిగా వినిపిస్తుంది, రిమ్‌షాట్ (రిమ్‌నీ హెడ్‌నీ ఒకేసారి కొట్టే దెబ్బ) పదునుగా వస్తుంది, బరాత్‌కి నా ఓటు దీనికే. కాకపోతే ఒక బోల్టు తిప్పితే పక్కవాటి టెన్షన్ కూడా కదులుతుంది, కాబట్టి ఒక్కసారికి పావు చుట్టు మించకండి.

ఏ రిమ్ అయినా ముందు బోల్టులు చేత్తో బిగించి, తర్వాత కీతో (బోల్టులు తిప్పే చిన్న తాళం) ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక్కో బోల్టు దగ్గర హెడ్ మీద, అంచు నుంచి అంగుళం లోపలికి పుల్లతో తట్టి వినండి. కొనేముందు రిమ్ రంధ్రాలు లెక్కపెట్టండి, మీ డ్రమ్ బోల్టులతో సరిపోవాలి: 14 అంగుళాల స్నేర్‌లలో 8వీ ఉంటాయి, 10వీ ఉంటాయి.