నిర్వాసితుల శిబిరంలో తట్టు టీకా: లెక్క నుంచి చివరి బిడ్డ దాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ తూర్పు మధ్యధరా అని పిలిచే ప్రాంతం నుంచి 2020 నాటికి తట్టును తరిమేయాలని అక్కడి దేశాలు గడువు పెట్టుకున్నాయి. బహ్రెయిన్, ఇరాన్, ఒమన్ సాధించాయి. యెమెన్, సిరియా, సూడాన్ లాంటి చోట్ల యుద్ధాలు ఆ పనిని వెనక్కి లాగాయి. ఒక్క రోగి నుంచి, టీకా పడనివాళ్లు 12 నుంచి 18 మందికి పాకే జబ్బు ఇది. గుడారాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండే శిబిరంలో మొదటి కేసు కోసం ఎదురుచూడకూడదు. జనం చేరిన తొలి రోజుల్లోనే టీకా మొదలుపెట్టాలి.

6 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేయండి. ఇదివరకు వేయించామని తల్లి చెప్పినా, కార్డు చూపినా మళ్లీ వేయండి. అదనపు డోసుతో హాని లేదు. కొద్దిపాటి జ్వరం, దగ్గు, విరేచనాలు ఉన్నా ఆపక్కర్లేదు. బక్కచిక్కిన పిల్లలకైతే తప్పనిసరి, తట్టు ముందుగా ప్రాణం తీసేది వాళ్లదే.

సరుకు లెక్క చూద్దాం. శిబిరంలో 20,000 మంది ఉంటే ఈ వయసు పిల్లలు సుమారు 45 శాతం, అంటే 9,000. పది డోసుల వయల్‌లో (చిన్న మందు సీసాలో) 15 శాతం వృథా అవుతుందనుకుంటే 9,000ను 0.85తో భాగించాలి: 10,588 డోసులు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం 25 శాతం కలిపితే 1,324 వయల్స్. అర మిల్లీలీటరు ఏడీ సిరంజీలు (ఒక్కసారి వాడగానే లాక్ అయిపోయేవి), పాడయ్యేవాటితో కలిపి, సుమారు 12,400. టీకా పొడిలో ద్రవం కలిపే 5 మి.లీ. సిరంజీలు 1,460. వాడిన సిరంజీలు వేసే సేఫ్టీ బాక్సు ఒక్కోటి వంద సిరంజీలు పడుతుంది కాబట్టి 140 పెట్టెలు. ఒకరు రోజుకు 150 మందికి వేయగలరు, అంటే పదిమందికి ఆరు రోజుల పని.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మందు కలిపే చోట. 2014లో సిరియాలోని ఇద్లిబ్‌లో టీకా పొడిని కరిగించే ద్రవం (డైల్యూయెంట్) బదులు కండరాలను సడలించే మందు కలిసి 15 మంది పిల్లలు చనిపోయారు. 2017లో దక్షిణ సూడాన్‌లోని కపోయెటా ప్రాంతంలో నాలుగు రోజులు ఒకే సిరంజితో కలపడం, టీకాను చల్లగా ఉంచకపోవడం వల్ల మరో 15 మంది పోయారు. రెండు చోట్లా తప్పు టీకాది కాదు. అందుకే ఏ కంపెనీ వయల్‌కు ఆ కంపెనీ డైల్యూయెంటే వాడాలి. దాన్నీ ముందే 2–8 డిగ్రీలకు చల్లబరచాలి, గడ్డకట్టనివ్వకూడదు. టీకా ఉన్న ఫ్రిజ్‌లో ఇంకే మందూ పెట్టకండి. ప్రతి వయల్‌కూ కొత్త సిరంజి. కలిపిన సమయం వయల్ మీద రాయండి. ఆరు గంటలు దాటితే గానీ, ఆ రోజు పని ముగిస్తే గానీ, సగం మిగిలి ఉన్నా సరే పారేయాల్సిందే. వయల్ మీద వేడి తగిలిందో లేదో చూపే గుర్తు (వీవీఎం) లోపలి చతురస్రం రంగు చుట్టూ ఉన్న వలయం అంత ముదిరితే ఆ వయల్ తెరవద్దు.

డోసు 0.5 మి.లీ., చర్మం కింద. దాంతోపాటే నోటి ద్వారా విటమిన్ ఎ: 6–11 నెలల వాళ్లకు లక్ష యూనిట్లు, 12–59 నెలల వాళ్లకు రెండు లక్షలు. తీవ్రమైన అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ టేబుల్ మీదే ఉండాలి, స్టోరు గదిలో కాదు. వాడిన సిరంజికి మూత పెట్టకుండా నేరుగా సేఫ్టీ బాక్సులో వేయండి. ముప్పావు నిండగానే మూసేయండి.

వేసిన డోసులను శిబిరంలోని పిల్లల సంఖ్యతో భాగించి 104 శాతం వచ్చిందని సంబరపడకండి. జనం నిన్న ఒక లెక్క, నేడు ఇంకో లెక్క కాబట్టి ఆ అంకె ఎవరు తప్పిపోయారో చెప్పదు. టీకా వేసిన ప్రతి బిడ్డ వేలికి చెరగని సిరా గుర్తు పెట్టండి. తర్వాత టీకా కేంద్రానికి దూరంగా ఉన్న వరుసల్లో, అంచు గుడారాల్లో తిరిగి, ఒక్కో చోట 20 మంది పిల్లల వేళ్లు చూడండి. ఇద్దరు గానీ అంతకు మించి గానీ గుర్తు లేనివాళ్లు దొరికితే ఆ వరుసంతా మళ్లీ చేయాలి. లక్ష్యం కనీసం 95 శాతం. రాని కారణం కూడా అడిగి రాసుకోండి. నీళ్ల క్యూలో ఉన్నారా, కబురే అందలేదా అన్నదాన్ని బట్టి వేళలు, చాటింపు మార్చాలి.

ఆరు రోజులయ్యాక పేర్లు నమోదు చేసే గేటు దగ్గర ఒక టేబుల్ శాశ్వతంగా ఉంచండి, కొత్తవాళ్లకు అక్కడే వేయాలి. 9 నెలలు నిండకముందు వేసుకున్న పిల్లల జాబితా విడిగా రాయండి. ఆ డోసు లెక్కలోకి రాదు. 9 నెలలు నిండగానే, మొదటిదానికి కనీసం నాలుగు వారాల ఎడం ఉండేలా, మళ్లీ పిలిచి వేయాలి.