ఉప్పెన నీళ్లు తీశాక ఇల్లు, బావి, పొలం బాగుచేసుకోవడం ఎలా

కాలువకు గండి పడి వచ్చే వరద వేరు, సముద్రం ఊరి మీదకి వచ్చే ఉప్పెన వేరు. వరద పోయాక ఒండ్రు మిగులుతుంది, మరుసటి పంట బాగానే వస్తుంది. ఉప్పెన పోయాక మిగిలేది ఉప్పు. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది గోడల్లోకి, బావిలోకి, మోటారు వైండింగులోకి, పొలంలోకి దిగుతుంది. దాన్ని వదిలించడం ఒక వరసలో చేయాల్సిన పని. తొందరపడితే నష్టం పెరుగుతుంది.

నేను దివిసీమలో వరి పండించే రైతును. 1977 నవంబరు 19 తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. మరి మా దివిసీమ ఎందుకు కొట్టుకుపోయిందని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల తీరం దాటే చోటుకు ఈశాన్యంగా ఉన్న ఊళ్ల మీదకి గాలి సముద్రాన్ని తోస్తుంది. దివిసీమ సరిగ్గా ఆ పక్కనే ఉంది. నీళ్లు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చాయి. సర్కారు లెక్కల్లోనే సుమారు పది వేల మంది పోయారు. కాబట్టి తుఫాను మీ ఊరికి దక్షిణాన దాటుతుందని వార్తల్లో వింటే గండం తప్పిందని ఇంట్లో ఉండిపోకండి. మీరే ముందు బయల్దేరాలి. గాలి ఒక్కసారిగా ఆగినా నమ్మకండి. అది తుఫాను కన్ను కావచ్చు, వెనకాలే ఎదురు దిక్కు నుంచి మళ్లీ గాలి లేస్తుంది.

ఇంట్లో అడుగు పెట్టేముందు

ఊళ్లోకి వెళ్లొచ్చని అధికారులు చెప్పాక పగటిపూటే వెళ్లండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. పాములు కూడా ప్రాణభయంతో ఎత్తైన చోటికే చేరతాయి. అటకలు, బియ్యం డబ్బాలు, మంచం కిందలు ముందు కర్రతో తట్టి చూడండి.

కరెంటు వచ్చినా మెయిన్ వేయకండి. ఉప్పునీరు మామూలు నీళ్లకంటే చాలా ఎక్కువగా కరెంటును పారిస్తుంది. ఆరిపోయినట్టు కనిపించే స్విచ్ బోర్డులో ఉప్పు పొర మిగిలే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి చూశాకే మెయిన్ వేయాలి. మునిగిన బ్యాటరీ బండిని ఇంట్లో ఉంచకండి, చార్జింగ్ పెట్టకండి. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుఫాను తర్వాత ఉప్పునీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత కూడా వాటంతటవే అంటుకున్నాయి. బండిని ఇంటికి, గడ్డివాముకు దూరంగా ఆరుబయట నిలబెట్టండి.

బురద ఎత్తేముందు ఫోటోలు తీయండి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత, పడిపోయిన గోడ, చచ్చిన గేదె, పొలంలో పనలు అన్నీ తీయాలి. నష్టం రాసుకోవడానికి రెవెన్యూ వాళ్లు వచ్చేసరికి మీరు శుభ్రం చేసేసి ఉంటారు, చూపించడానికి ఏమీ మిగలదు. కోసి పనల మీద ఉన్న వరికి ఫసల్ బీమా ఉంటే 72 గంటల్లోపు తెలియజేయాలి. ఆ రోజుల్లో ఫోను పని చేయకపోవచ్చు. అందుకే పాలసీ కాగితం, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టి తుఫాను ముందే వెంట తీసుకెళ్లండి.

చచ్చిన పశువుల్ని బావులకు, చెరువులకు కనీసం 30 మీటర్ల దూరంలో లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెట్టండి. ఇది ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు, ఊరంతా కలవాలి. బురదలో పనిచేసిన వాళ్లకు కాళ్లకు పుండ్లుంటే ఎలుకల జ్వరం రావచ్చు. వైద్య శిబిరంలో ముందుగా వేసుకునే మాత్రల గురించి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి.

బావి

మా అమ్మ ఉప్పెన తర్వాతి రోజుల గురించి చెప్పేటప్పుడు ఆకలి మాట తక్కువ, దాహం మాట ఎక్కువ. చుట్టూ నీళ్లే, గుక్కెడు మంచినీళ్లు లేవు. అందుకే బావి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఉప్పునీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు. నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా ఉప్పగా అవుతాయి. బ్లీచింగు పొడి కూడా ఉప్పును తీయదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పు, పంచదార కలిపే నీళ్లు ట్యాంకరు నీళ్లో, ప్యాకెట్ నీళ్లో అయి ఉండాలి. లీటరుకు ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, తల కొట్టి కొలవాలి. ఉప్పుబావి నీళ్లలో ఇది కలిపి తాగిస్తే బిడ్డకు ప్రాణం మీదకి వస్తుంది.

బావిలో బురద, చెత్త, చచ్చినవి తీసి, ఒరల లోపలి గోడ రుద్ది కడిగి, నీళ్లను ఒక్కసారి తోడి పారబోయండి. ఆ తర్వాత ఉప్పు పోయేదాకా అంటూ రోజూ మోటారు పెట్టకండి. తీరం పక్క నేలలో మంచినీరు తేలిక కనుక కింద ఉన్న ఉప్పునీటి మీద పల్చటి పొరగా నిలుస్తుంది. అదేపనిగా తోడితే ఆ పొర అయిపోయి కింది ఉప్పునీరు పైకి ఉబుకుతుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో ఇలా తోడడం వల్లే చాలా బావులు కోలుకోవడం ఆలస్యమైంది. ఉప్పును కిందకి దించేది వాన. బావి చుట్టూ వాననీరు ఇంకేలా చూసి, ఒక వానాకాలం ఓపిక పట్టండి. అప్పటిదాకా ఆ నీళ్లు గచ్చులు కడగడానికే.

క్రిముల కోసం బ్లీచింగు వేసే పద్ధతి ఇది. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి చాలు. నాలుగు అడుగుల ఒరల బావిలో మూడు మీటర్ల నీళ్లుంటే అవి 3,500 లీటర్ల దాకా ఉంటాయి. పొడిని బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి తేర్చి, పైతేట మాత్రమే బావిలోకి దింపి బాగా కలపండి. అర్ధగంట తర్వాత క్లోరిన్ వాసన రాకపోతే నీళ్లలో మురికి ఇంకా ఉన్నట్టే. మళ్లీ వేయండి. ఉప్పెన బావికి తప్పకుండా రెండో విడత పడుతుంది. ఆ పొడిని యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషపు గాలి వస్తుంది.

పొలం

మొదటి పని మురుగు కాలువల నోళ్లు తెరవడం. ఉప్పునీరు ఎంత త్వరగా దిగిపోతే అంత తక్కువ ఉప్పు నేలలోకి ఇంకుతుంది. ఆటు సమయంలో తూము ఎత్తండి, పోటు వచ్చేలోపు దించండి. ఎగువ రైతు, దిగువ రైతు కలిసి చేస్తేనే ఇది కుదురుతుంది. నీళ్లు పోయాక చేలో పేరుకున్న ఇసుక, ఉప్పు బురద పారతో ఎత్తి బయట పోయండి. దున్ని లోపల కలపకండి. తడిమీద దుక్కి, దమ్ము రెండూ వద్దు. నేల బిగిసిపోతే ఆ తర్వాత ఉప్పు దిగడానికి దారే ఉండదు.

తర్వాత గట్లు ఎత్తి వాననీళ్లో కాలువ నీళ్లో జానెడు లోపు నిలబెట్టి, రెండు మూడు రోజులుంచి, మురుగులోకి వదలాలి. ఇలా వీలైనన్ని సార్లు చేయాలి. మా దివికి కృష్ణ నీళ్లు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా వస్తాయి. పంట పోయిందని ఆ నీళ్లు ఆపేయకుండా చేలు కడుక్కోవడానికి వదలమని అందరూ కలిసి ఇరిగేషన్ వాళ్లకు అర్జీ పెట్టండి. ఆ అర్జీ విలువ నష్టపరిహారం అర్జీకి తక్కువేమీ కాదు.

మా నల్లరేగడి నేలతో ఇంకో చిక్కుంది. ఉప్పు కడుక్కుపోయినా సోడియం బంకమట్టిని పట్టుకుని మిగులుతుంది. అప్పుడు నేల తడిస్తే జిగురు, ఎండితే రాయి. అక్కడ జిప్సం పని చేస్తుంది. ఎంత వేయాలో మట్టి పరీక్ష చెబుతుంది, పక్క రైతు వేశాడని వేయకండి. పై జానెడు మట్టి, దాని కింది మట్టి వేర్వేరుగా తీసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. రిపోర్టులో లవణ సూచిక (ఈ.సి., అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే ఇంకా కడగాల్సిందే.

ఎండాకాలంలో చేను బోడిగా వదిలితే కింది ఉప్పు తేమతో పాటు పైకెక్కి తెల్లగా పొంగుతుంది. వరిగడ్డి పరవండి. తొలకరికి ఎకరానికి 10 నుంచి 12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూత దశలో కలియదున్నండి. జీలుగ ఉప్పును తట్టుకుంటుంది, నేలను గుల్ల చేస్తుంది.

మొదటి పంటగా వరే మేలు, నీళ్లు నిలబెట్టే పంట కనుక పండిస్తూనే ఉప్పు దించుకోవచ్చు. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పు నేలల కోసం తెచ్చిన ఎం.సి.ఎం. రకాల గురించి అడగండి. కాస్త ముదురు నారు తీసుకుని, కుదురుకు మామూలు కంటే ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టండి. ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే జింకు లోపం ఉన్నట్టు, జింకు సల్ఫేటు వేయాలి. నారుమడి మాత్రం ఆ చేలో పోయకండి. లేత మొక్క ఉప్పును తట్టుకోలేదు. ఉప్పెన ఎక్కని మెరక లేకపోతే ఎగువ ఊళ్లో తెలిసినవాళ్ల చేలో కొంచెం చోటు అడిగి, నారు అక్కడ పోయించుకోండి.