ట్యూబ్‌లైటు వెలుతురులో కరెంటు మీటరు మిణుకులు లెక్కపెట్టడం

మన ఇళ్లలో డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర ఎల్ఈడీ మిణుకుమంటూ ఉంటుంది కదా, పక్కనే 3200 అనో ఇంకో అంకె అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఒక యూనిట్‌కి అన్ని మిణుకులు అని. కిలోవాట్ లోడు నడుస్తుంటే 1.125 సెకన్లకు ఒక మిణుకు, 2 కిలోవాట్ల గీజర్ వేస్తే అందులో సగం టైముకే ఒకటి. ఫోటోడయోడ్ (వెలుతురుని పసిగట్టే సెన్సార్) పెట్టి ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో లెక్కపెడదాం, గంట పని అనుకున్నా. కానీ మా మీటరు బాక్సుకు తాళం, సీలు ఉన్నాయి (వాటి జోలికి మీరూ వెళ్లొద్దు), సెన్సార్‌ని అద్దం బయట అతికించాల్సి వచ్చింది, పైన వరండా ట్యూబ్‌లైటు. తీరా రీడింగులు చూస్తే (ఊనో వెలుతురుని 0 నుంచి 1023 దాకా అంకెల్లో చూపిస్తుంది) మిణుకు ఎత్తు 6, ట్యూబ్‌లైటు ఊపు 40.

ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటే, "ఇంత దాటితే పల్స్" అని ఒక అంకె పెట్టేసి దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చోవడం. అలా కాదు, ముందు నాయిస్‌ని, అంటే మిణుకుతో కలిసి వచ్చే అక్కర్లేని ఊపుల్ని చూడండి. మీటరు ఎల్ఈడీని సెన్సార్‌కి కనబడకుండా కాగితంతో మూసి, మిల్లీసెకనుకో రీడింగ్ చొప్పున రెండు సెకన్లు ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని ప్లాటర్‌లో గ్రాఫ్ గీయించండి. సీరియల్ స్పీడు 9600 అయితే చాలదు, 115200 పెట్టండి. మాకు 10 రీడింగులకో అల కనిపించింది: 50 హెర్ట్జ్ కరెంటుకి లైటు సెకనుకు 100 సార్లు ఊగుతుంది. అంటే నా శత్రువులో ఎక్కువ భాగానికి టైం టేబుల్ ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే.

వైరింగ్ సంగతి త్వరగా చెప్పేస్తా. డయోడ్‌కి నేను మొదట 1 మెగా ఓమ్ రెసిస్టర్ వేశా, పగలు వెలుతురుకి రీడింగ్ 1023 దగ్గర అతుక్కుపోయింది, అలా అతుక్కున్నాక ఏ ఫిల్టరూ దాన్ని బతికించలేదు. 100 కిలోకి తగ్గించా. తర్వాత ఒక ఆప్‌ఆంప్ బఫర్ (సిగ్నల్‌ని మార్చకుండా బలంగా ముందుకు పంపే చిప్), ఎందుకంటే ఊనో ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) 10 కిలో ఓమ్‌లు దాటిన సోర్స్ నచ్చదు. దాని తర్వాత ఫిల్టర్‌గా 10 కిలో రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఈ జత 1 మిల్లీసెకను, అంటే సుమారు 159 హెర్ట్జ్. ఇది హమ్‌ని (ఆ 100 హెర్ట్జ్ ఊపుని) ఆపదు, ఎల్ఈడీ బల్బుల కిలోహెర్ట్జ్ చిందరవందర మన శాంపిళ్లలోకి (రీడింగుల్లోకి) దొంగచాటుగా రాకుండా ఆపుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. టైమర్‌తో సరిగ్గా మిల్లీసెకనుకో శాంపిల్ తీసి (కోడ్‌లో డిలే కమాండ్ వద్దు, టైం జారిపోతుంది), చివరి 20 శాంపిళ్ల మొత్తం ఉంచుకోండి. కొత్తది కలపడం, పాతది తీసేయడం, అంతే. 20 మిల్లీసెకన్లు అంటే కరెంటు అల సరిగ్గా ఒకటి, లైటు ఊపులు సరిగ్గా రెండు, పైకి ఎంతో కిందికి అంతే కాబట్టి 40 ఎత్తున్న ఊపు దాదాపు సున్నా అయిపోతుంది. మిణుకు మాత్రం పోదు, మా మీటరుది సుమారు 40 మిల్లీసెకన్లు ఉంటుంది, 6 కాస్తా మొత్తంలో 120 అవుతుంది. తమాషా ఏంటంటే కాస్త గరగర ఉండటమే మంచిది, అర మెట్టు (ఏడీసీ అంకెలో సగం) సిగ్నల్ కూడా ఆ కదలికలో పైమెట్టు తాకుతూ మొత్తంలో బయటపడుతుంది, అసలు నాయిస్ లేకపోతే ఏడీసీ దాన్ని మింగేసేది.

ఈ మొత్తాన్ని ఒక నెమ్మది బేస్‌లైన్‌తో, అంటే మిణుకు లేనప్పుడు ఉండే మామూలు మట్టంతో పోల్చాలి. ప్రతి శాంపిల్‌కి తేడాలో 1024వ వంతు జరిగేలా పెట్టండి, సుమారు సెకనుకు సర్దుకుంటుంది. బేస్‌లైన్‌ని 1024తో హెచ్చించి 32 బిట్లలో దాచుకోండి, లేకపోతే చిన్న తేడాలు పూర్ణాంకాల భాగహారంలో మాయమవుతాయి. తేడా సగటున ఎంత ఊగుతోందో కూడా అలాగే లెక్కిస్తూ ఉండండి. మాకు 9 వచ్చింది. దానికి 6 రెట్లు, 54 దాటితే పల్స్ మొదలు, అందులో సగం 27 కిందికి వస్తే ముగింపు. రెండు గీతలు లేకపోతే ఒకే మిణుకు మూడుగా లెక్కకొస్తుంది.

మొదలుకీ ముగింపుకీ మధ్య ఎంతసేపో కొలవండి. నాకు 45 చుట్టూ వస్తుంది, 30 నుంచి 80 మిల్లీసెకన్ల మధ్య ఉంటేనే తీసుకుంటా. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వచ్చే స్పైక్ ఎంత ఎత్తున్నా 20 శాంపిళ్ల కిటికీలోంచి 20 మిల్లీసెకన్ల పైన రెండు మూడే వెడల్పుతో బయటికొస్తుంది, దొరికిపోతుంది.

ఒక దెబ్బ తిన్నా, చెప్తా. పల్స్ నడుస్తున్నంతసేపూ బేస్‌లైన్‌ని ఆపేశా, అది మంచిదే. కానీ సాయంత్రం వరండా లైటు వేయగానే వెలుతురు పెరిగింది, కోడ్ దాన్ని పల్స్ అనుకుంది, బేస్‌లైన్ ఆగింది, లైటు తీసేదాకా ఆ పల్స్ ముగియలేదు. రాత్రంతా ఒక్క యూనిట్ కాల్చనట్టు లెక్క. అందుకే 200 మిల్లీసెకన్లు దాటిన పల్స్‌ని పారేసి, బేస్‌లైన్‌ని అప్పటి మొత్తానికి లాగేయండి. లైటు ఆర్పినప్పుడు కొన్ని సెకన్లలో ఒకటి రెండు మిణుకులు పోతాయి, నేను వదిలేశా.

పరీక్షకి రెండు పనులు. ఎల్ఈడీని మళ్లీ కాగితంతో మూసి, ఫ్యాన్లూ ఫ్రిజ్జూ లైట్లూ మామూలుగా వాడుతూ ఒక గంట వదిలేయండి, లెక్క సున్నా రావాలి, రాకపోతే 6 రెట్లని 7 చేయండి. తర్వాత కాగితం తీసి, మీటరు సరిగ్గా ఒక యూనిట్ తిరిగేదాకా ఉండి మీ లెక్క 3200కి ఎంత దగ్గరుందో చూడండి.