పసిబిడ్డ నాలుకలో పుట్టుగడ్డ: ఎలా చూడాలి, ఏం అడగాలి

నెలల బిడ్డ నాలుక కింద కందిబేడంత నీటిబుడగ కనిపిస్తే సూదితో మాత్రం గుచ్చొద్దు. నీరు కారి అణిగినట్టే ఉంటుంది గానీ, లోపలి పొర మిగిలితే మళ్లీ ఊరుతుంది. చీము పట్టిందంటే వాపు గొంతుదాకా పాకుతుంది. పసరు, పటిక కూడా పూయొద్దు.

చూడాలంటే ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చోండి. బిడ్డ తల ఒకరి ఒడిలో, కాళ్లు ఇంకొకరి వైపు. మూడో మనిషి సెల్‌ఫోన్ లైటు పట్టాలి. ఏడ్చినా మంచిదే, నాలుక పైకి లేచి అడుగు బాగా కనిపిస్తుంది. గడ్డ నడిమధ్యన ఉందా, పక్కకా, ఏ రంగు అన్నది రాసుకోండి, ఫొటో తీయండి. ఊపిరికి ఇబ్బంది పడే బిడ్డనైతే ఇలా పడుకోబెట్టొద్దు.

ఒక పక్కన నీలంగా, మెత్తగా ఉంటే ఎక్కువగా ఉమ్మి నిలిచిన ర్యానులా. నోటి అడుగున నడిమధ్య పిండిముద్దలా తగిలితే డెర్మాయిడ్ (లోపల చర్మం లాంటి పొర ఉండే తిత్తి) కావొచ్చు. అరుదైనది ఫోర్‌గట్ డూప్లికేషన్ తిత్తి: గర్భంలో నాలుగో వారం నుంచి నాలుక తయారవుతున్నప్పుడు జీర్ణనాళానికి చెందాల్సిన కణాలు అక్కడే చిక్కుకుపోతాయని భావిస్తారు. తీసి పరీక్షిస్తే కొన్నిసార్లు నాలుకలో కడుపు లోపలి పొర కనిపిస్తుంది! గ్రహణానికీ, తల్లి తిన్నదానికీ దీంతో సంబంధం లేదు.

నాలుక మొదట్లో గడ్డ ఉంటే మాత్రం తొందరపడకూడదు. థైరాయిడ్ గ్రంథి పుట్టేది అక్కడే. గర్భంలో ఏడో వారానికల్లా మెడలోకి దిగుతుంది. కొందరిలో దిగదు. అదొక్కటే థైరాయిడ్ అయ్యుంటే, గడ్డ అనుకుని కోసేస్తే బిడ్డ జీవితాంతం మాత్ర మింగాలి. అందుకే ‘మెడ అల్ట్రాసౌండ్‌లో థైరాయిడ్ దాని చోట కనిపించిందా?’ అని కోతకు ముందే అడగండి. వెల్లకిలా పడుకుంటే గురక లాంటి శబ్దం, పాలు తాగుతూ ఆయాసం ఉంటే వాలెక్యులా (నాలుక వెనక గొంతులో ఉండే గుంట) తిత్తి కావొచ్చు. పైకి కనిపించదు, సన్నని గొట్టపు కెమెరాతో చూడాల్సిందే. డొక్కలు ఎగిరినా, పెదాలు నీలమైనా, సుఖంగా ఊపిరాడే భంగిమలోనే ఎత్తుకుని 108కి ఫోన్ చేయండి.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికెళ్లినా చిన్నపిల్లలకు మత్తిచ్చే డాక్టరు ఉన్నారా అన్నదే మొదటి ప్రశ్న. నాలుక గడ్డ ఉన్న బిడ్డకు మత్తులో ఊపిరి గొట్టం వేయడమే ఒక్కోసారి కోతకన్నా కష్టం. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఈ ఆపరేషన్ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

మత్తుకు ముందు అన్నం, సంగటి, డబ్బాపాలు, ఆవుపాలు 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు, నీళ్లు 2 గంటలు ఆపాలి. ఆసుపత్రి వాళ్లు వేరే లెక్క చెబితే అదే పాటించండి. ఏడుస్తోందని జేజి చాటుగా పాలు పట్టిందంటే, అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. డాక్టరుకు నిజం చెప్పేయండి, వాయిదా పడితే పడనీ.

కోత తర్వాత మొదటి రెండు రోజులు నాలుక వాస్తుంది. చల్లని పాలు, ఘనాహారం మొదలైన బిడ్డకైతే మెత్తని పెరుగన్నం; మురుకులు, కారం వద్దు. కుట్లు వాటంతటవే కరుగుతాయి, చెయ్యి నోట్లో పెట్టనీయకండి. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మింగలేకపోయినా వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. తీసిన ముక్క పరీక్ష రిపోర్టు తప్పకుండా తీసుకోండి: తిత్తి పూర్తిగా వచ్చిందని ఉంటే మళ్లీ రావడం అరుదు, గోడ కొంత మిగిలిందని ఉంటే ఎన్నాళ్లకోసారి చూపించాలో అప్పుడే రాయించుకోండి.