ఆపకుండా రాయడం – మూడో పాఠం: తరగతి గదిలో పది నిమిషాలు

మొదటి రెండు పాఠాల్లో మీరొక్కరే కూర్చుని రాశారు. టైమర్ పెట్టుకుని, పెన్ను ఎత్తకుండా, రాసింది కొట్టేయకుండా. ఈసారి అదే పని పిల్లల చేత చేయిద్దాం. ఒంటరిగా రాసినప్పుడు లేని చిక్కు ఒకటి ఇక్కడుంది: ఎదురుగా టీచర్ ఉంటారు. పిల్లల లెక్కలో టీచరంటే ఎర్ర పెన్ను.

వ్యాసం రాయమన్నప్పుడు తరగతిని ఒకసారి గమనించండి. ఒక వాక్యం రాస్తారు, కొట్టేస్తారు. పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తారు. ఇంతలో ఒక చెయ్యి లేస్తుంది: "టీచర్, అభివృద్ధికి ద వత్తా, ధ వత్తా?" మీరు జవాబు చెప్పేలోపు ఆ పిల్ల చెప్పదలుచుకున్న మాట కాస్తా ఎగిరిపోతుంది. మాట పుట్టడం ఒక పని, పుట్టినదాన్ని దిద్దడం వేరే పని. రెండూ ఒకేసారి మొదలుపెడితే దిద్దుబాటుదే పైచేయి. 1970లలో పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు ఈ పద్ధతిని గట్టిగా ప్రచారం చేసింది ఈ రెండు పనుల్నీ విడదీయడానికే.

చేయించే తీరు మీకు తెలిసిందే. బోర్డు మీద ఒక మాటో ప్రశ్నో రాయండి. పది నిమిషాలు. చిన్న తరగతులకైతే ఐదు చాలు. చెయ్యి ఆగకూడదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచట్లేదు" అనే రాయాలి. తప్పులు చూడం, మార్కులు వెయ్యం. ఇష్టం లేకపోతే ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ చివరి మాట మొదట్లోనే, గట్టిగా చెప్పండి.

గాలి పీడనం పాఠం అయ్యాక ఒక అబ్బాయి రాసి, తనంతట తనే చదివి వినిపించిన ముక్క ఇది:

"గాలికి బరువుంటుంది అని సార్ చెప్పారు. ఉంటుంది. ఉంటే ఏంటి. ఏం రాయాలో తెలియట్లేదు తెలియట్లేదు చెయ్యి నొప్పిగా ఉంది. బరువుంటే మన మీద పడాలి కదా. పడుతుంటే మనకెందుకు తెలియట్లేదు. మనం ఎందుకు నలిగిపోవట్లేదు. లోపల కూడా గాలి ఉంది కదా అది బయటికి తోస్తుందేమో. అయితే రెండూ సమానమేమో."

మొదటి మూడు వాక్యాల్లో ఉన్నది పాఠం అప్పజెప్పడమే. నాలుగోది విసుగు. ఆ విసుగు దగ్గర పెన్ను పెట్టేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆపకూడదన్న ఒక్క నియమం వల్ల ఆ తర్వాతి ప్రశ్న బయటపడింది, దాని వెనకే జవాబూ వచ్చింది. మన శరీరం లోపలి పీడనం బయటి గాలి ఒత్తిడికి సరితూగుతుందన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. రాస్తూ రాస్తూ వాడే పట్టుకున్నాడు. ఈ పది నిమిషాలు భాషా టీచర్ల సొత్తు కాదని నేననేది ఇందుకే. సైన్సు, సోషల్, చివరికి లెక్కల క్లాసులో కూడా "ఈ లెక్కలో నాకు ఎక్కడ తికమక పడింది" అని రాయించవచ్చు. ఎవరికి ఏది అర్థం కాలేదో చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తరు, కాగితం మీదైతే చెప్పేస్తారు.

టెన్షన్ సంగతి కూడా చెప్పుకోవాలి. రమిరెజ్, బైలాక్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించే రాసుకున్న విద్యార్థుల్లో, పరీక్షలంటే బాగా బెదిరేవాళ్లకు మార్కులు మెరుగయ్యాయి. ఊరికే ఏదో ఒకటి రాస్తే కాదు, భయాన్నే రాయాలి. కాబట్టి పరీక్ష రోజు బోర్డు మీద వేరే విషయం పెట్టకండి.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట్లో ఒకసారి, "చూడను" అని మాటిచ్చి కూడా, నోట్సులు తీసుకుని చూశాను. అలవాటు ఊరుకుంటుందా, నాలుగు అక్షరదోషాల చుట్టూ సున్నాలు చుట్టాను. మరుసటి వారం అందరూ ముత్యాల్లాంటి అక్షరాలతో తలా నాలుగు వాక్యాలు రాసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల నమ్మకం మళ్లీ సంపాదించడానికి నెల పట్టింది. ఆ నెలంతా నేనూ బల్ల దగ్గర కూర్చుని వాళ్లతో పాటే రాశాను. టీచర్ పెన్ను కూడా "ఏమీ తోచట్లేదు" దగ్గర తంటాలు పడుతుందని చూశాక కొంచెం తేరుకున్నారు.

దీనితో స్పెల్లింగులు బాగుపడతాయనుకోకండి. వ్యాసానికి వరుసక్రమమూ రాదు. ఆ పనులకు వేరే పాఠాలున్నాయి. ఇది ముడిసరుకు తవ్వుకునే పని.

ఈ వారం అభ్యాసం: మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు, మీరు చెప్పే పాఠం మీదే రాయించండి. మూడో రోజు రాయడం అయ్యాక, తమ రాతలో తమకే ఆశ్చర్యం కలిగించిన ఒక్క వాక్యం కింద గీత గీయమనండి. ఆ వాక్యాన్ని కొత్త పేజీ పైన రాసుకుని, అక్కడి నుంచి మరో ఐదు నిమిషాలు రాయాలి. మీరూ రాయండి. గీత గీసిన మీ వాక్యాన్ని దాచి ఉంచుకోండి, నాలుగో పాఠం దానితోనే మొదలుపెడదాం.